పాత డీజిల్ ఇంజిన్: బోర్ పనికి ఒప్పుకునే ముందు ఏమేం చూడాలి

బెంగళూరులో పాత డీజిల్ బండి నడిపే తెలుగువాళ్లు తక్కువేం కాదు. నాన్న కొన్న క్వాలిస్‌ని అమ్మబుద్ధి కాక వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో పెట్టుకుని, పండగలకి మాత్రం ఊరికి తీసేవాళ్లున్నారు. మదనపల్లె, ములబాగిలు, కోలారు టమాటా మార్కెట్ల మధ్య టాటా 407 మినీ లారీ తిప్పుతూ ఇల్లు నడిపేవాళ్లున్నారు. బండి పొగ కక్కినా, ఎత్తు మీద లాగకపోయినా వీళ్లకి గ్యారేజీలో తరచుగా వినపడే మాట ఒకటే: "ఇంజిన్ బోర్‌కి వచ్చిందన్నా, దించాలి." అంటే లోపల సిలిండర్లు, పిస్టన్ రింగులు అరిగాయి, ఇంజిన్ విప్పి వాటిని సరిచేయాలని. దించితే ఖర్చు ఎంతవుతుందో దించాక గానీ తెలియదు. చాలాసార్లు అసలు జబ్బు ఒక ఫిల్టర్‌లోనో, నాజిల్‌లోనో, చిన్న కాపర్ వాషర్‌లోనో ఉంటుంది. ఆ మాటకి తల ఊపే ముందు మీరే చూసుకోగలిగినవి చాలా ఉన్నాయి.

డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ గాలిని దాదాపు ఇరవయ్యో వంతుకి నొక్కేస్తుంది. ఆ నొక్కుడికి గాలి 500 డిగ్రీలు దాటి కాగుతుంది. అప్పుడు నాజిల్ డీజిల్‌ని సన్నని తుంపరగా చల్లుతుంది, అది తనంతట తానే అంటుకుంటుంది. కాబట్టి మండడంలో వచ్చే జబ్బు ఏదైనా నాలుగింట్లో ఒకటి: గాలి చాలకపోవడం, డీజిల్ అందకపోవడం, అందిన డీజిల్‌ని సరైన సమయానికి సరిగా చల్లకపోవడం, కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి) తగ్గిపోవడం. వెతకాల్సిన వరుస కూడా ఇదే. మొదటివి చౌకలో తేలిపోతాయి, చివరిది ఖరీదు. మెకానిక్ చివరిదానితో మొదలుపెడుతుంటే ఆపండి.

విప్పే ముందు జాగ్రత్తలు

ఇక్కడ చెప్పేదంతా మెకానికల్ పంప్ ఉన్న పాత ఇంజిన్లకే. కామన్ రైల్ ఇంజిన్ల (కంప్యూటర్ నడిపే కొత్త రకం) పైపుల్లో డీజిల్ ఒత్తిడి 1,000 బార్ దాటుతుంది, నడుస్తుండగా వాటి నట్లు ముట్టుకోకూడదు. పాత నాజిల్ కూడా రకాన్ని బట్టి 120 నుంచి 250 బార్ దగ్గర తెరుచుకుంటుంది. ఆ తుంపర చర్మంలోకి దూరిపోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది గానీ లోపల కండ పాడవుతుంది. అలా జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, డీజిల్ ఒత్తిడితో లోపలికి పోయిందని డాక్టరుకి చెప్పండి. లీకు వెతకడానికి చేతికి బదులు అట్టముక్క వాడండి, కళ్లద్దాలు పెట్టుకోండి. బేస్‌మెంట్‌లో ఇంజిన్ నడుపుతూ ఈ పరీక్షలు చేయకండి, బండిని బయటికి తోయించండి.

పరీక్ష పొద్దున్నే, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మొదలవ్వాలి. గ్యారేజీ దాకా నడుపుకుంటూ వెళితే ఇంజిన్ వేడెక్కి సగం లక్షణాలు దాక్కుంటాయి. చల్లటి స్టార్ట్‌లో వచ్చిన పొగ రంగు, మొదటి రెండు నిమిషాల శబ్దం మీరు చూసి రాసుకుంటే మెకానిక్‌కి అంతకంటే పెద్ద సాయం లేదు. ఫోన్‌లో వీడియో తీస్తే ఇంకా మంచిది.

జబ్బు ఎప్పుడు మొదలైందో, హఠాత్తుగా వచ్చిందో నెమ్మదిగా వచ్చిందో, దానికి ముందు ఏ పని జరిగిందో కూడా రాయండి. రింగులు ఒక్క రాత్రిలో అరిగిపోవు. నిన్నటిదాకా బాగా నడిచి ఈరోజు మొరాయించిన ఇంజిన్‌కి బోర్ పని అంటే నేను నమ్మను, చూపించమంటాను.

సెల్ఫ్ కొడితే స్టార్ట్ కావడం లేదు

ముందు ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో వినండి. నీరసంగా తిరిగితే గాలి చాలినంత కాగదు, ఇంజిన్‌లో ఏ లోపం లేకపోయినా స్టార్ట్ కాదు. మల్టీమీటర్ బ్యాటరీకి పెట్టండి. నిండా చార్జ్ ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. సెల్ఫ్ తిప్పుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడితే బ్యాటరీ బలహీనమైనట్టు. వోల్టులు బాగున్నా నీరసంగానే తిరిగితే ఇంజిన్‌కీ చాసిస్‌కీ మధ్య ఎర్త్ పట్టీ తుప్పు పట్టిందేమో చూడండి, ఆ తర్వాతే సెల్ఫ్ మోటార్ మీద అనుమానం పెట్టుకోండి. 24 వోల్టుల బండి అయితే ఈ అంకెల్ని రెట్టింపు చేసుకోండి, రెండు బ్యాటరీలనీ విడివిడిగా చూడండి.

బాగానే తిరుగుతోంది, స్టార్ట్ కావడం లేదు అంటే సైలెన్సర్ వైపు ఒక మనిషిని నిలబెట్టండి. పొగ అసలు రాకపోతే డీజిల్ సిలిండర్ దాకా చేరడం లేదు. తెల్లపొగ వస్తుంటే డీజిల్ చేరుతోంది గానీ అంటుకోవడం లేదు. ఈ ఒక్క తేడా తెలిస్తే వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గిపోతుంది.

పొగ రాకపోతే మొదట చూడాల్సింది పంప్ మీది స్టాప్ సోలినాయిడ్, అంటే డీజిల్ దారి తెరిచి మూసే కరెంట్ వాల్వ్. తాళం ఆన్ చేయగానే అది టక్ మనాలి. చప్పుడు లేకపోతే దాని వైరుకి కరెంట్ వస్తోందో లేదో చూడండి. ఫ్యూజ్ పోయిన బండికి పంప్ విప్పడం అన్యాయం. స్టాప్ కేబుల్ ఉన్న బండ్లలో ఆ కేబుల్ లాగిన స్థితిలోనే ఇరుక్కుపోయిందేమో చూడండి.

తెల్లపొగ వస్తుంటే హీటర్ ప్లగ్గులు చూడాలి, చల్లటి స్టార్ట్‌కి లోపల వేడి పుట్టించేవి ఇవే. క్వాలిస్ లాంటి ఇంజిన్లకి ఇవి ప్రాణం. బెంగళూరు డిసెంబర్, జనవరి తెల్లవారుజాములు 15 డిగ్రీల దగ్గరికి దిగుతాయి. చెన్నైలో చచ్చిన ప్లగ్గులతోనూ స్టార్ట్ అయిన బండి ఇక్కడ మొరాయిస్తుంది. ప్లగ్గుల్ని కలిపే పట్టీ తీసేసి, ఒక్కో ప్లగ్గు కొసకీ ఇంజిన్ బాడీకీ మధ్య మల్టీమీటర్‌తో ఓమ్స్ కొలవండి. మంచి ప్లగ్గు దాదాపు ఒక ఓమ్ చూపుతుంది, పోయినది ఏమీ చూపదు. నాలుగింట్లో రెండు పోయినా మిగిలిన రెండిటితో స్టార్ట్ అయ్యి, కాసేపు గడగడలాడి సర్దుకుంటుంది. జనం దాన్ని ఇంజిన్ అరిగిన లక్షణం అనుకుంటారు.

స్టార్ట్ చేయడానికి ఎయిర్ ఇన్‌టేక్ దగ్గర పెట్రోల్ గుడ్డ పెట్టడం, స్ప్రే కొట్టడం చాలాచోట్ల చూస్తుంటాం. దయచేసి చేయనివ్వకండి. ఆ ఆవిరి పిస్టన్ పైకి చేరకముందే అంటుకుని రింగులు, పిస్టన్ పగలగొట్టగలదు. హీటర్ ప్లగ్గులున్న ఇంజిన్‌లో అది మరీ ప్రమాదం.

ఎయిర్ పట్టడం

పాత డీజిల్ బండ్లని రోడ్డు మీద నిలబెట్టేవాటిలో ఇది ముందువరసలో ఉంటుంది. ట్యాంకు నుంచి ఫీడ్ పంప్ దాకా ఉన్న పైపు డీజిల్‌ని పీల్చుకుంటుంది. ఆ దారిలో ఎక్కడ చిన్న సందున్నా డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే కింద తడి లేదు కదా అని లీకు లేదనుకోవద్దు. పొద్దున స్టార్ట్ అయ్యి నిమిషంలో ఆగిపోవడం, రాత్రి నిలబెడితే పొద్దున చాలాసేపు సెల్ఫ్ కొట్టాల్సి రావడం దీని గుర్తులు.

కనిపెట్టడానికి జేసీ రోడ్‌లోనో, కలాసిపాళ్యలోనో డీజిల్‌కి తట్టుకునే పారదర్శకమైన పైపు ముక్క కొనండి. ఫిల్టర్‌కీ పంప్‌కీ మధ్య రబ్బరు పైపు స్థానంలో దాన్ని బిగించి ఇంజిన్ నడపండి. ఎయిర్ తీసిన తర్వాత కూడా బుడగలు ఆగకుండా వస్తుంటే గాలి ఎక్కడో చొరబడుతోంది. ఫిల్టర్‌కి ముందూ అదే పరీక్ష చేస్తూ వెనక్కి ట్యాంకు వైపు వెళ్లండి. పగిలిన రబ్బరు పైపు, వదులైన క్లిప్పు, ఒకసారి నలిగినదాన్నే మళ్లీ వేసిన బ్యాంజో బోల్ట్ కాపర్ వాషర్, సరిగా కూర్చోని ఫిల్టర్ రబ్బరు రింగు: దొంగ ఎక్కువగా వీటిలోనే దొరుకుతాడు.

ఎయిర్ తీసే పద్ధతి ఇది. ఫిల్టర్ మీది బ్లీడ్ స్క్రూ వదులు చేసి చేతి పంప్ కొట్టండి. క్వాలిస్‌లో అది ఫిల్టర్ తల మీదే నొక్కేటట్టు ఉంటుంది, చాలా లారీ ఇంజిన్లలో ఫీడ్ పంప్ మీద ఉంటుంది. నురగ పోయి స్వచ్ఛమైన డీజిల్ వచ్చాక, కొడుతూ ఉండగానే స్క్రూ బిగించండి. ఇంజెక్షన్ పంప్ మీద బ్లీడ్ స్క్రూ ఉంటే అక్కడా అలాగే. అప్పటికీ స్టార్ట్ కాకపోతే నాజిళ్ల దగ్గర పైపు నట్లు ఒక చుట్టు వదులు చేసి, చేతులు దూరంగా పెట్టి, సెల్ఫ్ తిప్పించండి. డీజిల్ చిమ్మగానే ఆపి బిగించండి. సెల్ఫ్ ఒక్కో విడతకి పదిహేను సెకన్లు దాటించకండి, మధ్యలో ఒక నిమిషం విశ్రాంతి ఇవ్వండి. లేకపోతే మోటార్ కాలుతుంది.

నెలల తరబడి నిలిపిన బండి అయితే దీనికంటే ముందు ఫిల్టర్ కింది డ్రెయిన్ కుళాయి విప్పి గాజు సీసాలోకి పట్టండి. కాసేపు ఉంచితే నీళ్లు అడుగుకి దిగుతాయి. సగం ఖాళీ ట్యాంకులో తేమ చేరి నీరవుతుంది, ఆ నీటికీ డీజిల్‌కీ మధ్య సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు కడుతుంది. ఆ జిగురు కనిపిస్తే ఫిల్టర్ మార్చడంతో సరిపెట్టకండి, ట్యాంకు దించి కడిగించాలి. లేదంటే సంక్రాంతికి ఊరికి వెళ్తూ దారిలో మళ్లీ ఆగుతుంది.

లాగడం లేదు

ముందు ఒక ప్రశ్న: లాగనప్పుడు పొగ వస్తోందా? ఎత్తు మీద యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా లాగడం లేదు, నల్లపొగ కూడా లేదు అంటే ఇంజిన్‌కి డీజిల్ చాలడం లేదు. లాగడం లేదు, పైగా నల్లపొగ చిమ్ముతోంది అంటే డీజిల్ ఉంది, గాలి చాలడం లేదు లేదా నాజిల్ సరిగా చల్లడం లేదు.

డీజిల్ చాలని కేసులో మొదట ఫిల్టర్ మార్చండి. తర్వాత ట్యాంకు మూత. దాని గాలి రంధ్రం మూసుకుపోతే ఇరవై నిమిషాలు నడిచాక ట్యాంకులో శూన్యం ఏర్పడి బండి నీరసిస్తుంది. అలా నీరసించినప్పుడు ఆపి మూత తెరవండి, సుయ్ మని గాలి పీల్చుకుంటే జబ్బు దొరికినట్టే. ఇంకా తేలకపోతే వేరే డబ్బాలో శుభ్రమైన డీజిల్ పోసి, పంప్ కంటే ఎత్తులో కట్టి, ఫీడ్ పైపునీ రిటర్న్ పైపునీ అందులో పెట్టండి. సైలెన్సర్ వేడికి దూరంగా, బండి నిలిపి ఉంచే చేయాలి. డబ్బాతో ఇంజిన్ చక్కగా రేస్ అయితే లోపం ట్యాంకు, దాని జాలీ, పైపుల్లో ఉంది. పంప్‌నీ ఇంజిన్‌నీ అనుమానించాల్సిన పని లేదు.

నల్లపొగ కేసులో ఎయిర్ ఫిల్టర్ బయటికి తీసి, దుమ్ము లేని చోట నిలిపి ఉంచి ఒకసారి రేస్ చేయండి. పొగ తగ్గితే కొత్త ఫిల్టర్ వేయండి. టర్బో ఉన్న బొలెరో లాంటి బండ్లలో టర్బో నుంచి ఇంజిన్‌కి వెళ్లే రబ్బరు హోస్ కింది వైపు చీలుతుంది, పైనుంచి చూస్తే కనిపించదు. తడిమి చూడండి, రేస్ చేసేటప్పుడు బుస్సుమనే చప్పుడు వినండి. ఇంజిన్ చల్లారాక టర్బో షాఫ్ట్‌ని వేలితో కదిపి చూడండి. కొద్దిగా పక్కకి కదలడం మామూలే, రెక్కలు గోడకి తగిలేంత కదిలితే టర్బో పని ఉంది.

బెంగళూరు విషయం ఒకటి ఇక్కడ చెప్పాలి. ఈ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్లకి పైన ఉంది. చెన్నై, నెల్లూరుతో పోలిస్తే ఇక్కడి గాలి 9 శాతం దాకా పల్చన. టర్బో లేని ఇంజిన్ అంత మేర తక్కువ గాలి పీలుస్తుంది, పంప్ మాత్రం అంతే డీజిల్ కొడుతుంది. కింద ఊళ్లలో బాగున్న బండి మొగిలి ఘాట్ ఎక్కి ఇక్కడికి వచ్చాక కాస్త నల్లగా పొగ వదిలితే కంగారుపడి ఇంజిన్ దించనక్కర్లేదు. పొగ టెస్ట్‌లో పాసవడమే కొలత: బీఎస్-4 కంటే పాత డీజిల్ బండ్లకి హద్దు 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు (పొగ చిక్కదనానికి కొలత), బీఎస్-4 బండ్లకి 50.

ఇంకోటి. పికప్ కోసం పంప్ మీది సీల్ తెంచి డీజిల్ స్క్రూ పెంచడం చాలా గ్యారేజీల్లో అలవాటు. ఒక వారం హుషారుగా ఉంటుంది, తర్వాత నల్లపొగ, వేడి, పిస్టన్ కాలడం. మీ పంప్ సీల్ తెగి ఉంటే మిగతా ఏ నిర్ణయానికీ రాకముందు పంప్‌ని టెస్ట్ బెంచ్ మీద పెట్టించండి. ఆడుగోడిలో మైకో (ఇప్పటి బాష్) పంపులు తయారైన ఊరు ఇది, పంప్ పని తెలిసిన మంచి చేతులు ఇక్కడ ఇప్పటికీ ఉన్నాయి.

మిస్సింగ్, నాకింగ్

ఐడిల్‌లో ఇంజిన్ వణుకుతుంటే ఏ సిలిండర్ పని చేయడం లేదో పది నిమిషాల్లో తేలుతుంది. ఒక్కో నాజిల్ పైపు నట్టుని గుడ్డ చుట్టి, స్పానర్‌తో కొద్దిగా వదులు చేసి, విని, మళ్లీ బిగించండి. మంచి సిలిండర్ నట్టు వదలగానే ఇంజిన్ ఇంకా కుంటుతుంది. ఏ నట్టు వదిలినా తేడా రాలేదో ఆ సిలిండర్‌లోనే జబ్బు. దాని నాజిల్‌ని పక్క సిలిండర్ నాజిల్‌తో మార్చి మళ్లీ చూడండి, కింద కొత్త కాపర్ వాషర్లు వేయడం మరచిపోకండి. జబ్బు నాజిల్‌తో పాటు పక్కకి వెళ్లిందా, నాజిల్ పని. అక్కడే ఉండిపోయిందా, వాల్వ్ గ్యాప్ చూసి, తర్వాత కంప్రెషన్ కొలవాలి.

నాకింగ్‌కీ ఇదే పరీక్ష. నట్టు వదలగానే ఒక సిలిండర్ కొట్టుడు పూర్తిగా మాయమైతే ఎక్కువగా నాజిల్ కారుతున్నట్టు. తగ్గింది గానీ పోలేదంటే పిస్టన్ పిన్ లేదా బిగ్ ఎండ్ బేరింగ్ మీద అనుమానం పెట్టుకుని బండి నడపడం ఆపండి. అన్ని సిలిండర్లూ ఒకేలా గట్టిగా కొడుతుంటే పంప్ టైమింగ్ ముందుకి జరిగి ఉండొచ్చు. వెనక్కి జరిగితే తెల్లపొగ, మందకొడితనం వస్తాయి.

వేడెక్కడం, ఆయిల్

సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో వేడెక్కి హైవే మీద సర్దుకుంటే ఫ్యాన్, ఫ్యాన్ బెల్ట్, రేడియేటర్ బయటి మురికి చూడండి. హైవే మీద, ఎత్తు మీద వేడెక్కితే రేడియేటర్ లోపల మూసుకుపోయి ఉండొచ్చు. థర్మోస్టాట్ తీసి పారేయమని సలహా ఇస్తారు, వినకండి. అది లేకపోతే ఇంజిన్ ఎప్పుడూ సరైన వేడికి రాదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది, అరుగుదల పెరుగుతుంది.

హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య పొర) మీద అనుమానమైతే చల్లటి ఇంజిన్‌లో రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయండి. నీళ్లు వేడెక్కకముందే బుడగలు ఆగకుండా పైకి వస్తుంటే, లేదా మూత పెట్టాక పై హోస్ రెండు నిమిషాల్లో రాయిలా గట్టిపడితే గ్యాస్ నీళ్లలోకి వెళ్తోంది. వేడి ఇంజిన్ మీద మాత్రం మూత ముట్టుకోవద్దు.

డీజిల్ ఇంజిన్ ఆయిల్ మార్చిన రెండో రోజుకే నల్లబడటం సహజం. పాలలా మారితే నీళ్లు కలిశాయి. స్టిక్ మీద మట్టం పెరుగుతూ, పల్చబడి, డీజిల్ వాసన వస్తే ఫీడ్ పంప్ నుంచో, ఇంజెక్షన్ పంప్ సీల్ నుంచో, కారే నాజిల్ నుంచో డీజిల్ ఆయిల్‌లోకి దిగుతోంది. ఆ బండిని నడపకండి. పెరిగిన ఆయిల్‌ని ఇంజిన్ గాలిదారిలోంచి పీల్చుకుంటే తాళం తీసినా ఆగకుండా రేస్ అవుతుంది. అలా అయితే గేర్ ఉన్న బండిని టాప్ గేర్‌లో వేసి, బ్రేక్ గట్టిగా తొక్కి క్లచ్ వదిలి ఆపాలి. అదీ కుదరకపోతే చెక్కపలకతో గాలిదారి మూయాలి. చేతితో మూయొద్దు.

చివరికి కంప్రెషన్

పైవన్నీ చూశాక మిగిలితేనే బోర్ మాట. ఇంజిన్ వేడిగా ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత విప్పి, తిరగేసి ఊరికే పెట్టండి. మెల్లగా కదిలితే ఫర్వాలేదు. ఎగిరి పడిపోతే, కన్నంలోంచి పొగ గుప్పుగుప్పుమని కొడితే బ్యాక్ కంప్రెషన్ ఉంది, అంటే మండిన గ్యాస్ రింగులు దాటి కిందికి వస్తోంది. దానికి తోడు ఆయిల్ తాగుతూ, వేడెక్కాక కూడా నీలం పొగ వస్తుంటే రింగులు, లైనర్ల (సిలిండర్ లోపలి గొట్టాల) మీద అనుమానం బలపడుతుంది. గేర్‌లోనే ఉంచి, యాక్సిలరేటర్ వదిలేసి కాసేపు వాలు దిగి, మళ్లీ తొక్కగానే మాత్రమే నీలం పొగ వస్తే వాల్వ్ సీళ్లు చాలు, హెడ్ పనితో పోతుంది.

అంకెలు లేకుండా మాత్రం ఒప్పుకోవద్దు. హీటర్ ప్లగ్గు లేదా నాజిల్ కన్నంలో డీజిల్‌కి సరిపడే గేజ్ పెట్టి, బ్యాటరీ నిండా ఉండగా నాలుగు సిలిండర్లూ కొలిపించి కాగితం మీద రాయించుకోండి. పెట్రోల్ బండి గేజ్ ఈ ఒత్తిడికి సరిపోదు. క్వాలిస్ ఇంజిన్‌కి కొత్తలో 32 దగ్గర, కనీసం 20 కిలోలు (చదరపు సెంటీమీటరుకి) ఉండాలి, సిలిండర్లకి మధ్య తేడా 5 దాటకూడదు. మీ ఇంజిన్ అంకెలు దాని మాన్యువల్‌లో చూడండి. పెట్రోల్ ఇంజిన్లలో చేసినట్టు కాస్త ఆయిల్ పోసి మళ్లీ కొలిచే పద్ధతి ఇక్కడ నమ్మదగినది కాదు, డీజిల్ ఛాంబర్ చిన్నది కాబట్టి ఆ ఆయిలే ఒత్తిడిని పెంచి చూపిస్తుంది. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లు మాత్రమే పడిపోతే ముందు హెడ్ గ్యాస్కెట్ చూడమనండి. నాలుగూ సమానంగా కిందికి దిగితే అప్పుడు ఇంజిన్ దించమనండి.

దించేటప్పుడు దగ్గర ఉండండి. లేత్‌కి పంపే ముందు ఒక్కో బోర్ కొలత రాయించుకోండి. బేరింగులు విప్పగానే చూడండి, పై పూత అరిగి రాగి రంగు తేలితే క్రాంక్ కూడా కొలిపించాలి, కొత్త బేరింగ్ సైజు ఆ కొలతని బట్టే కొనాలి. క్వాలిస్ అయితే అదే చేత్తో టైమింగ్ బెల్ట్ మార్పించండి, 1,00,000 కిలోమీటర్లకి ఒకసారి మార్చాల్సిన బెల్ట్ అది.